పొగమంచుని తోలే బొగ్గు

పొద్దున్నే ఈలమ్మ ఇంటి ముందు కుక్కల తనిఖీ. బస్సు బయల్దేరేది ఆ ఇంటి ముందు నుంచే కాబట్టి, కొండ మీద పని చేసే కుక్కలన్నీ, వాటి మనుషులందరూ అక్కడికే చేరతారు. ఎవరింట్లో పెరిగే కుక్కైనా సరే, ఈలమ్మ చేతిలో తయారైన కుక్కైతే మాత్రం బస్సెక్కే ముందు ఆవిడ దగ్గర నిలబడి పంజాలు చూపించాల్సిందే. అందులో మొహమాటాలు లేవు.

చూపులేని సంగీతం టీచరుకి దారి చూపించే కుక్క పేరు కర్ర. అది నడుముకి పట్టీ కట్టుకుని గుడి మెట్లలా కదలకుండా నిలబడుతుంది. బేకరీ ఆయన ఒంట్లో చక్కెర పడిపోబోతుంటే ఆయనకంటే ముందే వాసన పట్టి మోకాలి మీద టపటపా కొట్టే పిల్లకుక్క పేరు గంట. నేల కింద నీళ్ళ గొట్టం ఎక్కడ కారుతోందో ముక్కుతో చూపించేది ఒకటి ఉంది, దాన్ని నీళ్ళ ఆఫీసు వాళ్ళు జీపులో ముందు సీటు మీద కూర్చోబెట్టి మరీ తీసుకెళ్తారు. బడిలో చదువు తడబడే పిల్లలు ఒక కుక్క ముందు కూర్చుని గట్టిగా చదువుతారు. తప్పు చదివినా అది నవ్వదు. మనుషుల్లో అలాంటివాళ్ళు తక్కువ.

"పట్టీ వదులైంది, చూశావా టీచరమ్మా? చంకలో రాసుకుపోతుంది. రేపు ఇలాగే వస్తే కుక్కని ఇంట్లో కూర్చోబెట్టి నిన్ను కర్రతో నడిపిస్తాను, చెక్క కర్రతో," అంటుంది ఈలమ్మ.

"అలాగేనమ్మా," అంటుంది టీచరు నవ్వుతూ. ఈలమ్మ తిట్టకపోతే ఆ రోజు ఏదో తేడా చేసిందని అర్థం.

వీటన్నిటికీ పై ఉద్యోగం బొగ్గుది. బొగ్గు పొగమంచుని తోలుతుంది.

చలికాలం వచ్చిందంటే లోయలోంచి మంచు లేచి కొండ రోడ్డెక్కేస్తుంది. ఎక్కితే బస్సు లేదు, పాల వ్యాను లేదు, ఏమీ లేదు. గొర్రెల్ని తోలే కుక్క మందని ఎలా తోలుతుందో, బొగ్గు మంచుని అలా తోలుతుంది. లోయలోకి దిగి, మంచుకి వెనకనుంచి వెళ్ళి, పొట్ట నేలకానించి, కళ్ళార్పకుండా చూస్తుంది. అంతే. మంచు ముడుచుకుంటుంది. ఒకదాన్నొకటి రాసుకుంటూ గుంపు కడుతుంది. అప్పుడు దాన్ని తోలుకుపోయి పాత రాతి గనిలో దింపేస్తుంది. ఎండెక్కేదాకా అది ఆ గుంతలో బుద్ధిగా పడుంటుంది. ఎప్పుడైనా ఒక ముక్క గుంపు తప్పి ఎవరి స్నానాలగదిలోనో దూరితే, బొగ్గు వెళ్ళి అంచు పట్టి బయటికి లాక్కొస్తుంది. ఒళ్ళంతా నల్లగా ఉన్న కుక్కనే ఈ పనికి ఎంచుతారు, మంచులో కనపడాలని.

కుక్క ఒక్కటే ఉంటే చాలదు. ఇంటి పైనున్న దిబ్బ మీద నిలబడి ఈల వేసే మనిషి కావాలి. వేళ్ళు పెట్టకుండా, పళ్ళ సందున నాలుక మడిచి వేసే ఈల. చివర పైకి లేస్తే 'నా దగ్గరికి పట్టుకురా' అని. చివర కిందికి దిగితే 'గనిలోకి తోలెయ్' అని. ఈలమ్మ తల్లి వేసింది, ఈలమ్మ వేస్తోంది. ఈలమ్మ ఈలకి చివర ఒక చిన్న తోక ఉంటుంది, మెలిక తిరిగి తెగిపోతుంది. ఆ తోక ఇంకెవరికీ రాదని ఆవిడకి మహా గర్వం.

అదే ఇంట్లో ఈల వచ్చిన నోరు ఇంకొకటుంది. కోడలిది. బస్సు నడిపేది ఆ పిల్లే.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు కోడలు వంటింట్లో గిన్నెలు తోముతూ సరదాగా ఒక ఈల వేసింది. పాట కాదు, ఏమీ కాదు, ఊరికే. అదెక్కడ పోలిందో ఏమో, రోడ్డు మీద పనిలో ఉన్న బొగ్గు అంతా వదిలేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేసింది. దాని వెనకాలే మంచంతా ఇంట్లోకొచ్చేసింది! పొయ్యి ఆరిపోయింది, పరుపులు నానిపోయాయి, బీరువాలో బట్టలు పిండితే నీళ్ళు కారాయి.

"ఈ ఇంట్లో ఈల వెయ్యడానికి ఒక్క నోరు చాలు!" అని అరిచింది ఈలమ్మ.

"అయితే మాట్లాడ్డానికి కూడా ఒక్క నోరే ఉండనీండి అత్తయ్యా," అంది కోడలు.

అంది, అన్నంత పనీ చేసింది. అప్పట్నించి అత్తతో ఒక్క మాట లేదు. అత్త మాత్రం తక్కువదా? తనూ మానేసింది. ఆ పిల్ల నడిపే బస్సు మెట్టు తొక్కనని ఒట్టు కూడా పెట్టుకుంది. ఇంట్లో ఇద్దరాడవాళ్ళు, ఒక వంటిల్లు, మాటలు ఉండకుండా ఎలా జరుగుతుంది? అందుకని బొగ్గు ద్వారా మాట్లాడుకునేవారు.

"బొగ్గూ, మీ డ్రైవరమ్మగారితో చెప్పు, టీ పెట్టినావిడ గిన్నె కూడా కడగాలని."

"బొగ్గూ, పెద్దావిడతో చెప్పవే, ఆ గిన్నె నిన్న రాత్రి పాలు కాచుకున్నావిడదని."

బొగ్గు ఇటు చూసేది, అటు చూసేది. పంచాయితీ పెద్దమనిషికైనా విసుగొస్తుందేమో గానీ దానికి రాలేదు. కొడుకు మాత్రం కుక్కల కూడు కలుపుతూ, మధ్యలో తలదూర్చకుండా, "నాకంటే బొగ్గుకే సంసారం ఎక్కువ" అనేవాడు.

ఇలా ఉండగా వానలు తగ్గే రోజుల్లో ఒక ముచ్చట జరిగింది. సంతకి వెళ్ళొచ్చిన ఈలమ్మని చూసి బొగ్గు ఆనందం పట్టలేక ఒక్క ఎగురు ఎగిరింది. దాని నెత్తి వచ్చి ఈలమ్మ గడ్డానికి తగిలింది. ముందు పళ్ళు రెండూ చేతిలోకొచ్చాయి. మిగతావి ఎలాగూ సెలవు అడుగుతున్నాయి కాబట్టి పళ్ళ డాక్టరు అన్నీ తీసేసి తెల్లటి కట్టుడుపళ్ళ సెట్టు పెట్టాడు.

"చక్కగా కుదిరాయి. ఏదైనా నమలొచ్చు," అన్నాడు డాక్టరు.

ఆవిడకి నమలడం గురించి బెంగ లేదు. ఇంటికొచ్చి, పెరట్లో ఎవరూ లేనప్పుడు, ఈల వేసి చూసుకుంది. వచ్చింది. కొంచెం గాలి కలిసినట్టుంది గానీ వచ్చింది. అయినా కుక్కకి తెలియాలి గదా, మనకి తెలిస్తే ఏం లాభం? బొగ్గుతో చూద్దామంటే ఇంకా మంచు పడలేదు, మంచు లేకుండా దానికి పని లేదు. అసలు సంగతి అది కాదులెండి. బొగ్గు తలొంచి 'ఇదేం ఈల?' అన్నట్టు చూస్తే తట్టుకోలేదు ఆవిడ. అందుకని బొగ్గుకి ముందు ఆ ఉద్యోగం చేసి రిటైరైన ముసలి కుక్కని పిలిచింది. అందరూ దాన్ని 'ముసలాయన' అంటారు.

చెయ్యి గని వైపు చాపి, దిగే ఈల వేసింది. ముసలాయన గని వైపు నడిచాడు. చెయ్యి గుండెకి ఆనించి, లేచే ఈల వేసింది. ముసలాయన దగ్గరికొచ్చాడు. మళ్ళీ మళ్ళీ వేసింది. మళ్ళీ మళ్ళీ సరిగ్గానే చేశాడు. ఈలమ్మ గుండెల మీంచి బండ దిగింది.

మొదటి మంచు పడ్డ పొద్దున్న రోడ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ప్రతి చలికాలం మొదట్లో వచ్చి చూస్తాడు, మంచు కుక్క పనిచేస్తోందా లేదా అని. పనిచెయ్యకపోతే కుక్కని ఇంటికి పంపేసి, చలికాలమంతా పొద్దున పూట రోడ్డు మూసేస్తారు. అప్పుడు బస్సూ ఉండదు, కోడలికి పనీ ఉండదు, ఈలమ్మ తల్లి నాటి నుంచి వస్తున్న దిబ్బ మీద చోటూ ఉండదు.

"ఏమ్మా, ఈసారి కూడా మీరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు దిబ్బెక్కి రొప్పుతూ.

"మరెవరనుకున్నావు నాయనా? నీ ముందున్న ఇన్‌స్పెక్టరూ ఇదే అడిగాడు. ఆయన రిటైరయ్యాడు, నేను కాలేదు."

కింద ఇంటి ముందు బస్సు నిండుతోంది. టీచరు, కర్ర ఎక్కారు. బేకరీ ఆయన, ఆయన ఒళ్ళో గంట ఎక్కారు. ఇంకా పాలవాళ్ళు, బడిపిల్లలు. కోడలు కిటికీలోంచి తల బయటపెట్టి, దిబ్బ దిగబోతున్న కుక్కతో గట్టిగా అంది, "బొగ్గూ! పెద్దావిడకి చెప్పు, కొత్త పళ్ళు మెరుస్తున్నాయి, బాగున్నాయని!"

అది పొగడ్తో ఎత్తిపొడుపో తేలక ఈలమ్మ నోరు ఇంకాస్త బిగించింది.

రోడ్డు ప్రస్తుతానికి తెరిపిగానే ఉంది. బస్సు కదిలింది. బొగ్గు బాణంలా లోయలోకి దూసుకుపోయింది. బస్సు సగం దిగి పెద్ద మలుపు దగ్గరికొచ్చేసరికి లోయలోంచి మంచు లేచింది. చిక్కగా, తెల్లగా, పాలు పొంగినట్టు! మంచు వెనకాల నల్ల చుక్కలా బొగ్గు కనిపించింది. పొట్ట నేలకానించి ఎదురుచూస్తోంది. చెవులు దిబ్బ మీదే.

ఈలమ్మ నాలుక మడిచింది. చెయ్యి గని వైపు చాపి దిగే ఈల వేసింది.

మంచు కదిలింది. గని వైపు కాదు. రోడ్డు వైపు.

"అమ్మా, ఇటొస్తోందేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముందు ఇటొచ్చి తర్వాత అటు పోతుంది. నీకు తెలియదు."

మళ్ళీ వేసింది. మంచు ఇంకా జోరుగా ఎక్కింది. బొగ్గు ప్రాణం పెట్టి పని చేస్తోంది, 'తెమ్మంటే తేనా' అన్నట్టు. మలుపు మునిగింది. బస్సు మునిగింది. చూస్తుండగానే నల్లచుక్క కూడా మునిగిపోయింది. తెల్లటి గోడ ఒకటి దిబ్బ మీదికి ఎక్కొస్తోంది.

కొడుకు కూడు కలిపే చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా! నువ్వు వేస్తోంది పట్టుకురమ్మనే ఈల! చివర పైకి లేస్తోంది!"

"నా ఈల సరిగ్గానే ఉంది. దాని చెవులు బాలేవు."

"పళ్ళు పెట్టాక బొగ్గుతో చూశావా అసలు?"

"ముసలాయనతో చూశాను. ఒక్కటి తప్పు చెయ్యలేదు."

"ముసలాయనకి చెవుడమ్మా! పోయిన చలికాలం నుంచి పిడుగు పడ్డా వినిపించదు వాడికి. నీ చెయ్యి చూసి నడుస్తాడు."

"నాకెందుకు తెలియలేదు?"

"వాడు తెలియనిస్తేగా? పనికిరాడంటావని వాడి భయం."

దిబ్బ కింద గడ్డిలో ముసలాయన కూర్చునున్నాడు. అప్పటికీ కళ్ళు ఈలమ్మ చేతి మీదే ఉన్నాయి. ఆవిడ చాపిన చెయ్యి దించేసింది. ముసలాయన తల కూడా దించేశాడు.

ఈలమ్మ పళ్ళ సెట్టు ఊడబీకి కొంగులో వేసుకుని బోసినోటితో ఊదింది. గాలి వచ్చింది. తుంపర్లు వచ్చాయి. ఈల రాలేదు. మళ్ళీ ఊదింది. బొగ్గుని పేరు పెట్టి అరిచింది. మంచులో అరుపు నాలుగడుగులు కూడా పోదు, ఈల ఒక్కటే పోతుంది, అందుకే గదా ఈల! ఇన్‌స్పెక్టరు ఏదో అడుగుతున్నాడు. ఆవిడకి వినపడలేదు. ఆ మలుపులో వానలకి రోడ్డు అంచు తెగిపోయి ఉందని ఆవిడకి తెలుసు. బస్సు ఆ అంచున ఉందని తెలుసు. తోలుతున్నది ఎవరో తెలుసు.

లోపల ఏం జరిగిందో తర్వాత బస్సులోవాళ్ళు చెప్పారు.

ముందు అద్దం మీద తెల్లటి దుప్పటి కప్పినట్టయిందట. కోడలు బ్రేకు తొక్కేసింది. ముందుకెళ్తే ఏముందో తెలియదు, వెనక్కెళ్తే ఏముందో తెలియదు. అంతలో గంట బేకరీ ఆయన మోకాలి మీద టపటపా కొట్టడం మొదలెట్టింది. ఆయనకి చెమటలు, చేతులు వణుకు. జేబులో పెట్టుకునే బెల్లం ముక్క ఆ రోజే మర్చిపోయాడు. బడిపిల్లలు తమ డబ్బాలన్నీ వెతికి ఒక చాక్లెట్టు నోట్లో పెట్టారు గానీ, గంట కొట్టడం మానలేదు.

"ఉండండి, నేను దిగి దారి చూసొస్తాను, ఈయన్ని తొందరగా కిందికి చేర్చాలి," అని కోడలు తలుపు తీసింది. దిగబోతే కర్ర అడ్డొచ్చింది. మెట్టు మీద అడ్డంగా పడుకుంది.

"కర్రా, లే," అంది టీచరు. లేవలేదు.

"లే అన్నాను గదా!" లేవలేదు.

టీచరు గొంతు మారిపోయింది. "డ్రైవరమ్మా, దిగకు. నా మాట అది ఎప్పుడూ కాదనదు. కాదందంటే కింద నేల లేదనే."

కోడలు చక్రానికి అడ్డుపెట్టే రాయి తీసి మెట్టు మీద నుంచి వదిలిందట. రాయి పడ్డ చప్పుడు రాలేదు.

తలుపు కమ్మీ పట్టుకుని, తెల్లటి మంచులోకి మొహం పెట్టి, ఆ పిల్ల చెవులు రిక్కించింది. దూరంగా దిబ్బ మీంచి అత్తగారి ఈల తప్పుగా రావడం వినిపించింది. తర్వాత అసలు రాకపోవడం కూడా వినిపించింది. అప్పుడు నాలుక మడిచింది.

దిబ్బ మీద ఈలమ్మ విన్నది.

తన ఈల! తన నోట్లోంచి రాని తన ఈల! నిటారుగా లేచి, నిలబడి, చివర్లో మెట్లు దిగినట్టు దిగి, ఆఖర్న మెలిక తిరిగి తెగే ఆ తోకతో సహా! రోజూ దిబ్బ మీంచి వస్తుంటే, వంటింట్లో మాట లేకుండా, గిన్నెలు తోముతూ కోడలు విన్న ఈల.

మంచులో ఎక్కడో బొగ్గు ఒక్క మొరుగు మొరిగింది. పనిలో మొరగని కుక్క అది, పట్టలేక మొరిగింది. ఇక చూడండి! తెల్లటి గోడ ఉలిక్కిపడింది. ముడుచుకుంది. ఒక పక్క చీలింది, ఆ చీలికలోంచి నల్లటి మెరుపులా బొగ్గు దూసుకొచ్చింది. ఇటు పరిగెత్తింది, అటు పరిగెత్తింది, కింద పడుకుంది, లేచింది. మంచు గుంపు కట్టింది. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, తొక్కుకుంటూ, రోడ్డు గోడ దూకి వాలు మీదకి దొర్లింది. మళ్ళీ ఈల. మళ్ళీ. మంచంతా పరుగో పరుగు! వెనకబడ్డ తునక ఒకదాన్ని బొగ్గు పిక్క పట్టినట్టు అంచు పట్టి ఒక్క గుంజు గుంజింది. మంద మొత్తం గనిలోకి దబ్బున దిగిపోయింది.

ఎండ పడింది. బస్సు కనిపించింది. ఎడమ పక్క ముందు చక్రం తెగిన అంచు పక్కనే ఆగి ఉంది. తలుపు కింద ఖాళీ గాలి. మెట్టు మీద కర్ర ఇంకా అడ్డంగానే పడుకుని ఉంది.

కోడలు బస్సుని మెల్లగా వెనక్కి తీసి, రోడ్డు మధ్యకి తిప్పి, నేరుగా బేకరీ దాకా తోలింది. బేకరీ ఆయన లోపలికెళ్ళి తీపి బన్ను తిన్నాక గానీ గంట కొట్టడం ఆపలేదట. మిగతా బన్నులు బస్సులోవాళ్ళందరికీ, కుక్కలకీ పంచాడు.

దిబ్బ మీద ఇన్‌స్పెక్టరు ఈలమ్మ వైపు తిరిగాడు. "చివర్లో ఈల వేసింది ఎవరమ్మా?"

"మా ఇంటి ఈల," అంది ఈలమ్మ. పళ్ళు కొంగులో ఉన్నాయి కాబట్టి మాట కాస్త జారింది.

"నోరెవరిదని అడుగుతున్నా."

"నోటితో నీకేం పని? మంచు పోయిందా లేదా?"

"పోయింది. కానీ ఈల బస్సులోంచి వచ్చింది, వేసింది డ్రైవరమ్మే గదా, మరి రేపెలా? దిబ్బ మీద నిలబడితే రోడ్డంతా కనిపిస్తుంది, ఈల వెయ్యొచ్చు. బస్సులో కూర్చున్న మనిషికి మలుపు అవతల మంచు ఎలా ఉందో ఏం తెలుస్తుంది? తోలడం చూసుకుంటుందా, మంచు చూసుకుంటుందా?"

ఈలమ్మ దిబ్బ దిగి, గడ్డిలో కూర్చున్న ముసలాయన ముందు వంగి, వాడి చెవులు నిమిరింది. వినపడదని తెలిసీ, "దొంగ సచ్చినోడా," అంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు, కుక్కతో కూడా. కానీ టీ గిన్నె మాత్రం కడిగి ఉంది. ఎవరు కడిగారో కొడుకు అడగలేదు.

మర్నాడు పొద్దున్న పంజాల తనిఖీ అయ్యింది. అందరూ బస్సెక్కారు. ఈలమ్మ దిబ్బ వైపు వెళ్ళలేదు. బస్సు దగ్గరికొచ్చింది. మెట్టు ముందు నిలబడి ఆ మెట్టుని పై నుంచి కిందికి చూసింది, కొనబోయే కుక్కపిల్లని చూసినట్టు. తర్వాత ఎక్కింది. డ్రైవరు పక్కనున్న ముందు సీట్లో కూర్చున్న పాలాయన చెప్పకుండానే లేచిపోయాడు. ఈలమ్మ అందులో కూర్చుని, అద్దానికి మొహం ఆనించింది. మంచు ఏ మలుపులో ఎలా దాక్కుంటుందో ఆ కళ్ళకి తెలిసినట్టు ఇంకే కళ్ళకీ తెలియదు. పళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదు.

బస్సు కదిలింది. ముందు రోడ్డు మీద బొగ్గు పరిగెడుతోంది. మొదటి మలుపులో ఈలమ్మ వేలితో అద్దం మీద కొట్టి చూపించింది. కోడలు ఈల వేసింది. మంచు గని వైపు దొర్లింది. రెండో మలుపు. వేలు, ఈల, మంచు. వెనక పిల్లలు చప్పట్లు.

పెద్ద మలుపు దాటాక ఈలమ్మకి ఒక మాట అడ్డుపడింది. అనకుండా ఉండలేని మాట. అలవాటుగా కాళ్ళ దగ్గరికి చూసింది.

"బొగ్గూ..." అంది.

కాళ్ళ దగ్గర బొగ్గు లేదు. అది ఎక్కడో ముందు, మంచు వెంట ఉంది. కర్ర ఉంది గానీ అది టీచరు డ్యూటీలో ఉంది. గంట బేకరీ ఆయన డ్యూటీలో ఉంది. ఆ బస్సులో ఖాళీగా ఉన్న కుక్క ఒక్కటీ లేదు.

ఈలమ్మ గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది.

"అమ్మాయ్," అంది. "ఈల చివర ఆ తోక ఎందుకు? అనవసరం. కుక్కకి ఆలస్యం."

కోడలు రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

"అది మీ తోకే అత్తయ్యా. ఉన్నదున్నట్టు దించాను."

ఈలమ్మ అద్దంలోంచి ముందుకి చూసింది. దూరంగా నల్లచుక్క ఆగి, చెవులు నిక్కబొడుచుకుని, వెనక్కి తిరిగి బస్సు వైపే చూస్తోంది.

"అయితే ఉండనీ," అంది. "వెయ్యి, అది ఎదురుచూస్తోంది."